చిన్న ఇంజిన్ మొరాయిస్తే: మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు రైతుల కార్డుల గురించి ఈ తరగతుల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ మాట్లాడుకోబోయేది మన కొట్టంలో ఓ మూలన గోతం కప్పి పెట్టిన చిన్న పెట్రోలు ఇంజిన్ గురించి. అది తైవాన్ స్ప్రేయర్ కావచ్చు, గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్ కావచ్చు, చిన్న పవర్ వీడర్ కావచ్చు. ఇదేమైనా సంఘం మాట్లాడాల్సిన విషయమా అని కొందరు కార్యకర్తలు అడిగారు. మిరపలో తామర పురుగు ఎక్కువైన రోజున తాడు ఎంత లాగినా ఇంజిన్ పలకదు. దాన్ని బండి మీద పెట్టుకుని పట్నం పోతే మెకానిక్ ‘రేపు రా’ అంటాడు. ఎల్లుండికి యంత్రం చేతికొచ్చేసరికి ఆకు ముడుచుకుపోయి ఉంటుంది. ఆ నష్టం కూడా సాగు ఖర్చే. ఏ ప్రభుత్వ లెక్కలోనూ అది కనపడదు కాబట్టి మనమే మాట్లాడుకోవాలి.

ముందే ఒక మాట. ఈ ఇంజిన్లు పని చేసి చేసి అరిగిపోయి పాడయ్యేవి తక్కువ. పాత పెట్రోలుతో, దుమ్ముతో, ఆయిల్ తేడాతో, నెలల తరబడి ఊరికే పడి ఉండి పాడయ్యేవే ఎక్కువ. అమెరికాలో ఇళ్ల ముందు పచ్చిక కోసే యంత్రాలు కూడా ఈ కోవ ఇంజిన్లతోనే నడుస్తాయి. అక్కడ వారానికో గంట పని. మన దగ్గర అదే ఇంజిన్ ఎర్రటి ఎండలో, దుమ్ములో రోజుకు ఐదారు గంటలు నడుస్తుంది. కాబట్టి వాళ్లకంటే మనమే దాన్ని ఎక్కువ కనిపెట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు మీ ఇంజిన్ టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది తెలియాలి. గుర్తుపట్టడం తేలిక. పెట్రోలు ట్యాంకు మూత కాకుండా, ఇంజిన్ కింది భాగంలో ఆయిల్ పోసే మూత ఇంకొకటి ఉంటే అది ఫోర్ స్ట్రోక్. ఆ రెండో మూత లేకపోతే టూ స్ట్రోక్. (చెట్లు కోసే రంపానికి చైను తడవడానికి ఆయిల్ మూత వేరే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు.) ఫోర్ స్ట్రోక్‌లో పెట్రోలు విడిగా, ఇంజిన్ ఆయిల్ విడిగా పోస్తాం. టూ స్ట్రోక్‌లో ఆయిల్‌కు వేరే చోటు లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కూ బేరింగులకూ అందే తడి. వట్టి పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ వేడెక్కి బోరుకు పట్టేస్తుంది. దానికి గంటలు అక్కర్లేదు.

యంత్రాలు ఇలా చచ్చేది సాధారణంగా చేతులు మారినప్పుడు. పక్క చేను బావ అడిగాడని స్ప్రేయర్ ఇస్తాం. ఆయన ఇంట్లో ఉన్నది ఫోర్ స్ట్రోక్. అలవాటు కొద్దీ క్యాన్‌లో ఉన్న వట్టి పెట్రోలు పోస్తాడు. తప్పు బావది కాదు, యంత్రం మీద ఏమీ రాసి లేదు. అందుకని ఇవాళే ఇంటికి వెళ్లి, ట్యాంకు మీద పెయింటుతో ‘ఆయిల్ కలిపిన పెట్రోలు’ అనో, ‘వట్టి పెట్రోలు’ అనో పెద్ద అక్షరాలతో రాయండి. క్యాన్ మీద కూడా రాయండి. పది రూపాయల పని.

ఇక ఎంత కలపాలి? మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిల్. 40:1 అయితే 25 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. పోసేది టూ టీ ఆయిలే కావాలి. ట్రాక్టరు ఇంజిన్ ఆయిల్ పనికిరాదు, అది శుభ్రంగా కాలిపోదు. ఒక కంపెనీ డబ్బా మూత ఇంకో కంపెనీ మూతంత ఉండదు కాబట్టి మూతలతో కొలవకండి. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి దొరుకుతుంది, దాన్ని ఈ పనికే ఉంచండి. పురుగుమందు కొలిచే గ్లాసు మాత్రం వాడొద్దు. కలపడం విడి క్యాన్‌లో కలపాలి, మూత బిగించి బాగా ఊపాలి, ఆ తర్వాతే ట్యాంకులో పోయాలి. ట్యాంకులో పెట్రోలు పోసి పైనుంచి ఆయిల్ వంచితే, ఆ ఆయిల్ చాలాసేపు అడుగునే ఉంటుంది. ఆయిల్ ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. ఇవన్నీ శుభ్రం చేసుకోవచ్చు. తక్కువైతే మాత్రం కొత్త బోరు, కొత్త పిస్టన్ కొనాల్సిందే.

ఫోర్ స్ట్రోక్ వాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని అనుకోకండి. 35 సి.సి. ఇంజిన్‌లో పట్టే ఆయిల్ దాదాపు 100 మి.లీ. మాత్రమే, అంటే ఒక టీ గ్లాసుడు. అందులో పావు వంతు తగ్గినా ఇంజిన్‌కు తెలుస్తుంది. రోజూ స్టార్ట్ చేసే ముందు యంత్రాన్ని సమంగా పెట్టి మూత తీసి చూడాలి. కొత్త యంత్రానికి మొదటి ఆయిల్ చాలా త్వరగా మార్చాలి, ఎందుకంటే కొత్త భాగాలు ఒరుసుకుని రాలిన లోహపు పొడి అందులో ఉంటుంది. 35 సి.సి. ఇంజిన్లకు సాధారణంగా మొదటి 10 గంటలకు, తర్వాత ప్రతి 50 గంటలకు మార్చమంటారు. రోజుకు ఆరు గంటల లెక్కన 50 గంటలంటే ఎనిమిది తొమ్మిది రోజుల పని. మనలో చాలామంది ఏడాదికోసారి మారుస్తున్నాం.

ఇప్పుడు పెట్రోలు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

2018లో తెచ్చిన జాతీయ జీవ ఇంధన విధానంలో 2030 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలని లక్ష్యం పెట్టారు. 2022లో విధానాన్ని సవరించి ఆ లక్ష్యాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరి నుంచి ఈ20 పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇప్పుడు మామూలు పెట్రోలు అని మనం పోయించుకునేదాంట్లో ఐదో వంతు దాకా ఇథనాలే. ఇథనాల్ చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి వస్తుంది. ఆ పంటలు పండించేది మనమే కాబట్టి ఇథనాల్ అంటేనే వద్దనే వాదన మా సంఘానిది కాదు. మొక్కజొన్నకు గిరాకీ పెరిగితే సంతోషమే, ఆ ధర రైతు చేతికి వస్తే ఇంకా సంతోషం. మా ప్రశ్న వేరు. కలిపిన సంగతి చిన్న ఇంజిన్ వాడేవాడికి ఎవరు చెప్పారు?

ఇథనాల్ చిన్న ఇంజిన్‌ను మూడు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న క్యాన్‌లో నీరు చేరుతూ పోతే, ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. మనం కలిపిన టూ టీ ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర ఉండేది అడుగునే కదా. అంటే ఆయిల్ సరిగ్గా కలిపినా ఇంజిన్‌కు అందేది ఆయిల్ లేని ద్రవం. రెండోది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం పలచబడి ఇంజిన్ మరింత వేడిగా నడుస్తుంది. కార్లలో, కొత్త బైకుల్లో దాన్ని కంప్యూటరు సరిచేస్తుంది. మన స్ప్రేయర్ కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. మూడోది, పాత రకం రబ్బరు గొట్టాలు, కార్బరేటర్‌లోని పలచటి డయాఫ్రం దీనికి మెత్తబడి ఉబ్బుతాయి, లేదా బిరుసెక్కుతాయి.

అమెరికాలో 2010, 2011 సంవత్సరాల్లో అక్కడి పర్యావరణ సంస్థ 15 శాతం ఇథనాల్‌ను 2001, ఆ తర్వాతి కార్లకు అనుమతించింది. పచ్చిక కోసే యంత్రాలకు, పడవలకు, మోటారు సైకిళ్లకు మాత్రం అది వాడకూడదని గీత గీసింది. మన బంకులో కారుకూ స్ప్రేయర్‌కూ ఒకటే గొట్టం. మీ యంత్రం పుస్తకంలో ఎంత శాతం దాకా పర్వాలేదని రాసి ఉందో చూడండి. చాలా పాత మోడళ్లకు 10 శాతమే హద్దు.

మీ పెట్రోలులో ఎంత కలిసిందో మీరే చూడొచ్చు. గీతలున్న పారదర్శక గాజు సీసాలో 100 మి.లీ. పెట్రోలు, 20 మి.లీ. నీళ్లు పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. ఇథనాల్ లేకపోతే అడుగు పొర 20 దగ్గరే ఉంటుంది. 20 శాతం కలిసి ఉంటే ఆ పొర దాదాపు 40కి పెరుగుతుంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. ఆ పెట్రోలు మళ్లీ ఏ ఇంజిన్‌లోనూ పోయకండి.

అయితే ఏం చేయాలి? రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే పెట్రోలు తెచ్చుకోండి. క్యాన్ మూత గట్టిగా ఉండాలి, నిండుగా ఉంటే ఇంకా మంచిది. పని అయిపోయి యంత్రం నెలకు మించి పక్కన పెట్టాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌ను దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. అప్పుడు కార్బరేటర్ కూడా ఖాళీ అవుతుంది. అందులో పెట్రోలు నిలిచిపోతే ఆరి జిగురై, సూది మొనంత జెట్ రంధ్రంలో గడ్డకడుతుంది. మళ్లీ సీజన్‌లో స్టార్ట్ కాని యంత్రాల్లో ఎక్కువ వాటికి జబ్బు ఇదే. టూ స్ట్రోక్ అయితే ప్లగ్ తీసి రెండు మూడు చుక్కల ఆయిల్ లోపల వేసి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, ప్లగ్ బిగించి పెట్టండి. బోరు తుప్పు పట్టదు.

ఇప్పుడు అసలు పరీక్ష. చేను మధ్యలో ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. తాడు లాగుతూనే ఉంటే భుజం పోతుంది తప్ప ఇంజిన్ రాదు. పది సార్లకు మించి లాగకండి, ఆగి చూడండి.

మొదట స్విచ్ చూడండి. నవ్వకండి, మెకానిక్‌లు రహస్యంగా చెప్పే మాట ఇది. బ్రష్ కట్టర్ హ్యాండిల్ మీది స్విచ్ ఆఫ్‌లో ఉండటం, లేదా దాని వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగలడం మామూలే. తర్వాత ట్యాంకులో పెట్రోలు, కాక్ తెరిచి ఉందా, చోక్ సరిగ్గా ఉందా. అప్పుడు ప్లగ్ తీయండి. ప్లగ్ మీతో మాట్లాడుతుంది. అది తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండటం లేదు. బహుశా చోక్ వేసి ఎక్కువసార్లు లాగి ముంచేశారు. ప్లగ్ తుడిచి, చోక్ తీసేసి, స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ లేకుండా నాలుగైదుసార్లు లాగితే లోపలి తడి బయటికి పోతుంది. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకులో గొట్టం చివరి ఫిల్టర్ మూసుకుపోయిందా, గొట్టం పగిలిందా, రబ్బరు బుడగ నొక్కితే పెట్రోలు కదులుతోందా చూడండి. ఇవన్నీ బాగుంటే జబ్బు కార్బరేటర్‌లో ఉంది.

స్పార్కు చూడాలంటే ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ఇంజిన్ లోహానికి ఆనించి, స్విచ్ ఆన్ చేసి తాడు లాగాలి. నీలి రవ్వ టపటపా రావాలి. అంతకుముందు పెట్రోలు మూత బిగించి, చిందిన పెట్రోలు తుడిచేసి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఆనించండి. ఆ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, రవ్వ తగిలితే ముఖం కాలుతుంది. రవ్వ రాకపోతే కొత్త ప్లగ్‌తో ఒకసారి చూడండి. ప్లగ్ సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి. ఒక మంచి ప్లగ్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. దాంతో కూడా రాకపోతే కాయిల్, అది మెకానిక్ పని.

నడిచిన ఇంజిన్ ప్లగ్ రంగు కూడా చూడండి. ఇటుక రంగో, కాఫీపొడి రంగో ఉంటే అంతా బాగున్నట్టే. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే వెంటనే ఆపండి. మిశ్రమం పలచబడి ఇంజిన్ కాలిపోతోందని అర్థం.

స్టార్ట్ అయ్యి పది నిమిషాలకు ఆగిపోయే ఇంజిన్ గురించి చాలామంది అడుగుతుంటారు. ట్యాంకు మూత కొంచెం వదులు చేసి నడిపి చూడండి. ఆగకుండా నడిస్తే జబ్బు మూతలోనే ఉంది. గాలి పోయే సన్నటి రంధ్రం మట్టితో పూడుకుపోయి, పెట్రోలు దిగడం లేదు. దాన్ని శుభ్రం చేస్తే చాలు. ఈ రంధ్రం కోసం కార్బరేటర్ మొత్తం మార్పించి, వందల రూపాయలు పోగొట్టుకున్న సభ్యులు మన మండలంలోనే ఉన్నారు.

బలం తగ్గి, పూర్తి రేసు ఇచ్చినా మూలుగుతుంటే సైలెన్సర్ వైపు చూడాలి. అందులో చిన్న జాలీ ఉంటే మసి పట్టి ఉంటుంది. సైలెన్సర్ విప్పినప్పుడు ఆ రంధ్రం లోంచి పిస్టన్ కనిపిస్తుంది. నున్నగా ఉంటే సంతోషం. నిలువు గీతలు పడి ఉంటే ఒకసారి పట్టేసిందని అర్థం. దమ్ము ఉందో లేదో ఇంకోలా కూడా చూడొచ్చు. ఇంజిన్ ఆపి, స్విచ్ ఆఫ్ చేసి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని యంత్రాన్ని జానెడు పైకి లేపండి. ఆగి ఆగి నెమ్మదిగా దిగితే దమ్ము ఉంది. జర్రున జారిపోతే రింగులో, బోరో పోయింది. అప్పుడు ఖర్చు లెక్క వేసుకుని బాగుచేయించాలా, మార్చాలా తేల్చుకోండి.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట. స్పాంజి రకమైతే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ వేసి పిండి పెట్టాలి. కాగితం రకమైతే కడగకూడదు, మెల్లగా తట్టి దులపాలి. నల్లరేగడి దుమ్ములో, ఎండుగడ్డిలో పనిచేస్తే రోజూ చూడాలి. ఫిల్టర్ తీసేసి నడిపితే బాగా లాగుతుందని కొందరు చెబుతారు. నిజమే, ఆ సీజన్ వరకు లాగుతుంది. తర్వాత ఆ దుమ్మే గరుకు కాగితంలా బోరును తినేస్తుంది. ఇంజిన్ రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డిని కూడా కొబ్బరి పుల్లతో తీసేయండి, గాలి ఆడకపోతే ఇంజిన్ ఉడికిపోతుంది. వేడి ఇంజిన్‌లో పెట్రోలు పోయవద్దని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాం, అయినా చెబుతున్నాం. వీపున మందు ట్యాంకు తగిలించుకుని ఉన్నప్పుడు మంట లేస్తే విప్పుకునే టైము ఉండదు.

ఇక్కడిదాకా మన చేతిలో ఉన్నవి. చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద యంత్రాలకు సాధారణంగా 40 నుంచి 50 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం. యంత్రం ఇచ్చే రోజున ఫోటో దిగుతారు. ఆ తర్వాత డయాఫ్రం కావాలంటే అది ఏ ఊళ్లో దొరుకుతుందో చెప్పేవాళ్లు ఉండరు. యంత్రంతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో, కొన్నిసార్లు చైనా భాషలో ఉంటుంది. డీలరు మోడల్ మార్చేస్తాడు, పాత మోడల్ సామాను ఆగిపోతుంది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ ‘బాగుచేయించుకునే హక్కు’ మీద ఒక కమిటీ వేసినప్పుడు, సెల్‌ఫోన్లు, వాహనాలు, ఇంటి సామానుతో పాటు వ్యవసాయ పరికరాలనూ ఆ జాబితాలో పెట్టింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో రైతు తన యంత్రాన్ని తానే బాగుచేసుకునేలా సమాచారం, విడిభాగాలు కంపెనీలు ఇవ్వాలని చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం రావాలి. ఈలోగా సబ్సిడీ యంత్రానికి తెలుగు పుస్తకం, విడిభాగాల ధరల పట్టిక, మండలానికో సర్వీసు మెకానిక్ లేకుండా ఏ కంపెనీనీ జాబితాలో పెట్టొద్దని వ్యవసాయ అధికారులకు వినతిపత్రం ఇస్తున్నాం. బంకులో ఇథనాల్ శాతం కనిపించేలా తెలుగులో బోర్డు పెట్టాలన్నది కూడా అందులో ఉంది. మీ సంతకాలు కావాలి.

యంత్రం కొన్నప్పుడు బిల్లు తప్పకుండా తీసుకోండి. ఇంజిన్ నంబరు బిల్లు మీద రాయించండి, వారంటీ కార్డు మీద డీలరు ముద్ర వేయించండి. వారంటీలో ఉండగా బాగుచేయనంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్ల లోపు వేయాలి. ‘నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుడివి కాదు’ అని కంపెనీ లాయరు వాదించవచ్చు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్న వస్తువు ఆ వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. బ్రష్ కట్టర్ కొనుక్కుని కూలికి పోయే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు భోజనాల ముందు అరగంట ఉంది. బయట వేపచెట్టు కింద ఒక తైవాన్ స్ప్రేయర్, ఒక బ్రష్ కట్టర్ పెట్టాం. రెండూ స్టార్ట్ కావడం లేదు, జబ్బు ఏమిటో మేం చెప్పం. ఇద్దరిద్దరు చొప్పున వచ్చి ప్లగ్ తీసి చూసి మీరే చెప్పండి. బీడీలు, సిగరెట్లు అలవాటున్న అన్నలు మాత్రం రోడ్డుకు అవతలే కాల్చుకుని రండి.